ఏ జాయింట్‌కి ఏ స్క్రూ హెడ్ వేయాలి

డిజైన్ గీసేటప్పుడు ఎం3 (అంటే 3 మి.మీ. వ్యాసం స్క్రూ) సరిపోతుందా ఎం4 వేయాలా, పొడవు 10 పెట్టాలా 12 పెట్టాలా అని గంటసేపు తర్జనభర్జన పడతాం. తీరా హెడ్ సంగతి వచ్చేసరికి డబ్బాలో ఏది చేతికి తగిలితే అది వేసేస్తాం. నేనూ చాలాకాలం అదే బాపతు. ఒకసారి చిన్న బెల్ట్ డ్రైవ్‌కి నెమా 17 మోటార్ (చిన్న చదరపు స్టెప్పర్ మోటార్) బిగిస్తూ, నున్నగా గుండ్రంగా బాగుంటాయి కదా అని నాలుగు మూలలా ఎం3 బటన్ హెడ్‌లు వేశాను. ఆ మోటార్ కూర్చున్నది పొడవాటి స్లాట్లలో, అంటే బెల్ట్ వదులైనప్పుడల్లా నాలుగు స్క్రూలూ కొంచెం వదులు చేసి, మోటార్‌ని వెనక్కి లాగి, మళ్ళీ బిగించాలి. ఐదోసారో ఆరోసారో, ఫ్రేమ్‌ని ఆనుకుని ఉన్న మూల స్క్రూలో అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ) గిర్రున తిరిగింది. స్క్రూ మాత్రం కదల్లేదు. టార్చ్ వేసి చూస్తే లోపలి ఆరు మూలలూ అరిగిపోయి గుండ్రటి గుంటలా తయారైంది. దాన్ని బయటికి లాగడానికి ఒక సాయంత్రం మొత్తం పోయింది. ఎలా తీశానో చివర్లో చెప్తాను.

తప్పు జరిగింది అర మిల్లీమీటరు దగ్గర. ఎం3 అలెన్ బోల్ట్‌కి, అంటే స్థూపంలా నిటారుగా తల ఉండే సాకెట్ క్యాప్ స్క్రూకి, 2.5 మి.మీ. కీ పడుతుంది. అదే ఎం3లో బటన్ హెడ్ తీసుకుంటే 2 మి.మీ. కీ. ఆ మాత్రం దానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, ఒక కడ్డీ మెలితిప్పుడుని తట్టుకునే శక్తి దాని మందాన్ని బట్టి ఘనంలో పెరుగుతుంది. 2.5ని 2తో భాగించి ఘనం చేయండి, 1.95 వస్తుంది. అర మిల్లీమీటరు తగ్గేసరికి కీ బలం సగమైపోయిందన్నమాట. పైగా బటన్ తల ఎత్తే 1.65 మి.మీ., కీ దిగడానికి అందులో దొరికే లోతు మిల్లీమీటరుకి కాస్త పైన, అంతే. మిగతా సైజుల్లోనూ ఇదే వరస: ఎం4 క్యాప్‌కి 3, బటన్‌కి 2.5. ఎం5 క్యాప్‌కి 4, బటన్‌కి 3. ఎం6 క్యాప్‌కి 5, బటన్‌కి 4. గరాటులాంటి తలతో ప్లేటులోకి మునిగే కౌంటర్‌సంక్ స్క్రూలకీ బటన్‌కి పట్టే కీలే పడతాయి.

కాబట్టి హెడ్ ఎంచుకునేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న, ఈ స్క్రూని మళ్ళీ ఎన్నిసార్లు విప్పాల్సి వస్తుంది అని. అందం, ఎత్తు, దొరకడం, అన్నీ ఆ తర్వాతే.

ఇంకోటి, హెడ్ అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి తల ఆకారం, అంటే అది పార్ట్ మీద ఎలా కూర్చుంటుంది, ఎంత స్థలం తింటుంది అన్నది. రెండోది డ్రైవ్, అంటే టూల్ పట్టుకునే గాడి. ఒకే ప్యాన్ హెడ్ (కింద చదునుగా, పైన కాస్త ఉబ్బి ఉండే తల) ఫిలిప్స్‌లోనూ, అంటే కూడిక గుర్తు గాడితోనూ వస్తుంది, టోర్క్స్‌లోనూ, అంటే ఆరు కోణాల నక్షత్రం గాడితోనూ వస్తుంది. ఆకారం పార్ట్ చూసి తేల్చుకోవాలి, డ్రైవ్ విప్పే పని చూసి తేల్చుకోవాలి. రెండూ కలిపి ఆలోచిస్తేనే గందరగోళం.

ఏం వేయాలో తెలియనప్పుడు సాకెట్ క్యాప్ వేసేయండి. లెక్క కూడా సులువు: తల ఎత్తు స్క్రూ వ్యాసమంత, తల వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య. ఎం3కి తల 5.5 వెడల్పు, 3 ఎత్తు. ఎం5కి 8.5, 5. ఎం6కి 10, 6. స్టీల్ క్యాప్ స్క్రూల మీద ఎక్కువగా 12.9 అని ఉంటుంది, మొదటి సంఖ్యని వందతో గుణిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది, చుక్క తర్వాతి 9 అంటే అందులో 90 శాతం దాకా సాగి పాడవకుండా తట్టుకుంటుందని. అంటే 1200, 1080. మామూలు 8.8 బోల్ట్‌కి ఇవే 800, 640. ఏ2-70 అని రాసున్న స్టెయిన్‌లెస్ అయితే 700 దగ్గర తెగుతుంది. తుప్పు పట్టదని అన్నిచోట్లా స్టెయిన్‌లెస్ వేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది, పైగా స్టెయిన్‌లెస్ నట్టులో స్టెయిన్‌లెస్ బోల్ట్ పొడిపొడిగా బిగిస్తే ఒక్కోసారి థ్రెడ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ముందుకీ రాదు వెనక్కీ పోదు. ఒక చుక్క గ్రీజు రాయండి.

క్యాప్‌తో ఇబ్బంది ఎత్తు. పైకి పొడుచుకుని ఉంటుంది, కాదంటే కౌంటర్‌బోర్, అంటే తల పట్టేంత వెడల్పు గుంట, తవ్వి లోపల కూర్చోబెట్టాలి. ప్లేటు 5 మి.మీ. ఉంటే ఎం3 తల మునగడానికి 3 పైచిలుకు తవ్వాక కింద మిగిలేది రెండు కూడా ఉండదు, అల్యూమినియం అయితే సరే, ప్లాస్టిక్ అయితే ఆ రెండు మిల్లీమీటర్ల పొర మీదే భారమంతా. ఎత్తు తగ్గుతుంది కదా అని లో హెడ్ క్యాప్ తెచ్చుకుంటారు కొందరు, అది డిన్ (జర్మన్ ప్రామాణికం) 7984 రకం, ఎం3 తల 2 మి.మీ. ఎత్తే ఉంటుంది. బానే ఉంటుంది గానీ దానికీ 2 మి.మీ. కీయే. నా మూల స్క్రూ కథ మళ్ళీ మొదలు.

బటన్ హెడ్‌ని తిడుతున్నట్టు ఉంది కానీ దానికీ చోటుంది. చెయ్యి, వైరు, బట్ట తగిలే చోట అంచు గుచ్చుకోకుండా ఉంటుంది. మూతలకి, సైడ్ ప్యానెళ్ళకి బాగుంటుంది. అల్యూమినియం ప్రొఫైల్ ఫ్రేముల్లో ఒక ప్రొఫైల్ చివర ఎం5 బటన్ స్క్రూ బిగించి, ఆ తలని రెండో ప్రొఫైల్ గాడిలోకి జారించి, కనబడని జాయింట్ చేస్తారు, అక్కడ పొట్టి తల కాబట్టే పని జరుగుతుంది. చాలామంది పొరపడేది ఎక్కడంటే, బటన్ తల వెడల్పుగా కనబడుతుంది కాబట్టి ఎక్కువ చోట అదుముతుంది అనుకుంటారు. ఎం3లో క్యాప్ 5.5 అయితే బటన్ 5.7. ఆ 0.2 కోసం ఏం లాభం? మెత్తటి పార్ట్ మీద భారం పరచాలంటే వాషర్ వేయాలి. 3.4 మి.మీ. రంధ్రం చుట్టూ క్యాప్ తల ఒక్కటే అదిమే చోటు దాదాపు 14.7 చదరపు మి.మీ., కింద 7 మి.మీ. మామూలు వాషర్ వేస్తే 29.4. సరిగ్గా రెట్టింపు. 3డీ ప్రింట్ పార్ట్ అయితే ఇంకా పెద్ద, 9 మి.మీ. వాషర్ వేసుకోండి, లేకపోతే నాలుగు రోజులకి తల ప్లాస్టిక్‌లోకి దిగబడిపోయి, గట్టిగా బిగించిన స్క్రూ దానంతటదే వదులవుతుంది.

బటన్ హెడ్ పెట్టె మీద 10.9 అని చూసి మోసపోవద్దు. తల పల్చన కాబట్టి షాంక్ (తల కింది కడ్డీ) తట్టుకున్నంత లాగుడు తల తట్టుకోదు. అందుకే ప్రామాణికాల్లో అలాంటివాటికి ముందు ఒక సున్నా చేర్చి 010.9 అని రాస్తారు. ఆ సున్నాకి అర్థం, పూర్తి లోడ్ దీని మీద వేయొద్దని. బరువు మోసే బ్రాకెట్‌కి, లివర్‌కి, మోటార్‌కి బటన్ వద్దు.

ఇక కౌంటర్‌సంక్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరికీ నచ్చేదీ ఇదే, ఎక్కువ పార్ట్‌లు పాడుచేసేదీ ఇదే. ప్లేటుతో సమానంగా కూర్చుంటుంది, పైన ఏదైనా జారుతూ పోవాల్సి ఉంటే ఇది మంచి దారి, అది ఒప్పుకుంటాను. కానీ మామూలు స్క్రూ అయితే 3.4 రంధ్రంలో 3 మి.మీ. స్క్రూ, నాలుగు వైపులా కాస్త వెసులుబాటు ఉంటుంది, రంధ్రాల కొలత 0.2 అటూ ఇటూ పోయినా సర్దుకుంటుంది. కౌంటర్‌సంక్ తల గరాటులా ఉంటుంది, అది వెళ్ళి ప్లేటు గరాటులో కూర్చున్నప్పుడు ప్లేటు ఎక్కడ ఉండాలో స్క్రూయే నిర్ణయిస్తుంది. ఒక స్క్రూ ఉంటే గొడవ లేదు. నాలుగు ఉన్నాయనుకోండి, రంధ్రాల్లో ఒక్కటి పక్కకి పోయినా ఆ తల ఒక చెంపే ఆనుకుని, రెండో వైపు వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. బిగించేకొద్దీ ఆ స్క్రూ వంగుతుంది. అందుకే ఇవి వేసేటప్పుడు ఒక్కటీ పూర్తిగా బిగించకుండా అన్నీ వదులుగా దించి, అప్పుడు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. స్లాట్ మీద కౌంటర్‌సంక్ అసలు పెట్టకండి, జరుపుకునే వీలు కోసమే కదా స్లాట్ పెట్టింది, గరాటు తల ఆ వీలుని మింగేస్తుంది.

రేకు పల్చగా ఉంటే మరీ కష్టం. ఎం3 కౌంటర్‌సంక్ తల మందం దాదాపు 1.7 మి.మీ. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకులో దాన్ని ముంచితే గరాటు కొస రేకు వెనక నుంచి బయటికొస్తుంది, స్క్రూ వెళ్ళి కింది పార్ట్‌ని తాకుతుంది గానీ రేకుని పట్టుకోదు, బిగించినట్టే ఉంటుంది, రేకు గలగలలాడుతుంది. కనీసం తల మందం కంటే మందమైన ప్లేటు ఉండాలి. యాక్రిలిక్‌లో, ప్రింట్ పార్ట్‌లో అయితే ఆ గరాటు చీలికలా పనిచేస్తుంది, ఒక్క మలుపు ఎక్కువ తిప్పితే అంచుదాకా పగులు. అక్కడ ప్యాన్ హెడ్ గానీ, కింద వాషర్‌తో క్యాప్ గానీ వేసుకోండి. కోణం కూడా చూసుకోవాలి: మెట్రిక్ స్క్రూలకి 90 డిగ్రీలు, అమెరికన్ అంగుళాల స్క్రూలకి 82. 82 కట్టర్‌తో తవ్విన గుంటలో 90 తల పెడితే చుట్టూ ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది.

పొడవు కొలిచే తీరు కూడా దీనికి వేరు. మిగతా అన్నిటికీ పొడవంటే తల కింది నుంచి, కౌంటర్‌సంక్‌కి తలతో కలిపి. కౌంటర్‌బోర్‌లో కూర్చున్న ఎం3x10 క్యాప్‌ని తీసి అదే 10 కౌంటర్‌సంక్ వేస్తే లోపల పట్టే థ్రెడ్ 3 మి.మీ. తగ్గిపోతుంది. ఎదురు తప్పు కూడా అంతే ప్రమాదం. చాలా నెమా 17 మోటార్లలో స్క్రూ రంధ్రం లోతు నాలుగైదు మిల్లీమీటర్లే, స్క్రూ పొడవైతే అడుగు తగిలి ఆగిపోతుంది, మనం బాగా బిగిసింది అనుకుంటాం, మోటార్ మాత్రం ఊగుతూ ఉంటుంది.

ఆరు పలకల హెక్స్ బోల్ట్‌ని పాతకాలం సరుకులా చూస్తారు గానీ, మట్టి, పెయింట్, తుప్పు తగిలే చోట దాన్ని మించింది లేదు. అలెన్ గుంటలో బురద గట్టిపడితే ముందు సూదితో గోకాలి, హెక్స్ తలకి పానా తగిలిస్తే చాలు. పక్క నుంచి మాత్రమే చెయ్యి దూరే చోట కూడా ఇదే. కాకపోతే పానా తిరగడానికి చోటు కావాలి. ఓపెన్ పానాకి ఒక్కో పట్టుకి 60 డిగ్రీలు కావాలి, నోరు వాలుగా ఉన్న పానాని తిరగేసి పట్టుకుంటూ పోతే 30తో సరిపెట్టుకోవచ్చు, 12 మూలల రింగ్ పానాకి కూడా 30 చాలు. సైజులు ఎం6కి 10, ఎం8కి 13, ఎం10 దగ్గర మాత్రం జాగ్రత్త, పాత డిన్ బోల్ట్‌కి 17, ఐఎస్ఓ బోల్ట్‌కి 16.

డ్రైవ్ విషయానికొస్తే, మన మాటల్లోనే ఒక చిక్కుంది. స్టార్ స్క్రూ అని మనం అలవాటుగా అనేది ఫిలిప్స్‌ని, అంటే కూడిక గుర్తు గాడిని. నిజంగా నక్షత్రంలా ఆరు కోణాలుండేది టోర్క్స్. ఎవరైనా స్టార్ అంటే నాలుగు కోణాలా ఆరు కోణాలా అని అడిగేయండి. ఫిలిప్స్ గాడి గోడలు వాలుగా ఉంటాయి, అందువల్ల గట్టిగా తిప్పితే టూల్ పైకి ఎగదన్నుతుంది, కిందికి నొక్కుతూ తిప్పాలి, నొక్కడానికి వీల్లేని చోట గాడి చెడుతుంది. మెషీన్‌లో అసలు భాగాలకి నేను ఫిలిప్స్ వాడను. సర్క్యూట్ బోర్డు, ఫ్యాను, మూత, అక్కడిదాకా సరే. వాడితే మాత్రం బిట్ సరైనది ఉండాలి: ఎం2.5, ఎం3కి పీహెచ్1, ఎం4, ఎం5కి పీహెచ్2. తలమీద నాలుగు గాడుల మధ్య సన్నటి గీతలు కనబడితే అది పోజిడ్రైవ్, దానికి బిట్ వేరే. జపాన్ పరికరాల మీద తల అంచున చిన్న చుక్క ఉంటే జేఐఎస్ (జపాన్ ప్రామాణికం), అందులో ఫిలిప్స్ బిట్ పెట్టి బలం చేస్తే పాడయ్యేది స్క్రూయే.

టోర్క్స్ 1967 నుంచి ఉంది. అలెన్‌లో కీ మూలలు గోడల్ని బయటికి తోస్తాయి, టోర్క్స్‌లో తోపు దాదాపు తిరిగే దిశలోనే ఉంటుంది, అందుకే చిన్న సైజుల్లో కూడా గాడి అంత తొందరగా అరగదు. పొట్టి తల తప్పనిసరి, మాటిమాటికీ విప్పడమూ తప్పనిసరి అయితే టోర్క్స్ ప్యాన్ హెడ్ వెతకండి. ఎం3కి టీ10, ఎం4కి టీ20, ఎం5కి టీ25, ఎం6కి టీ30.

గ్రబ్ స్క్రూకి తలే లేదు, పుల్లీని షాఫ్ట్‌కి పట్టి ఉంచేది అదే. ఎం3 గ్రబ్‌కి 1.5 కీ, దాని మీద ఆశలు పెట్టుకోకండి. షాఫ్ట్ మీద చదును ఉంటే స్క్రూ కచ్చితంగా దాని మీదికే రావాలి, థ్రెడ్‌లాకర్ (థ్రెడ్లు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయాలి. అన్నట్టు, వైబ్రేషన్‌కి స్క్రూ వదులవడం తల మార్చినంత మాత్రాన ఆగదు, దానికి థ్రెడ్‌లాకరో నైలాన్ నట్టో కావాలి. యాక్రిలిక్, పాలీకార్బొనేట్ పార్ట్‌ల దగ్గర మాత్రం ద్రవం థ్రెడ్‌లాకర్ వాడకండి, ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్ళు వస్తాయి.

టూల్ దారి చూడ్డం అందరూ మర్చిపోయే పని. డ్రాయింగ్‌లోనే ప్రతి తల మీద కీ పొడవున ఒక సిలిండర్ గీసి చూడండి, అది దేన్నైనా గుద్దుకుంటే ఇప్పుడే తెలిసిపోతుంది. బాల్ ఎండ్ కీ ఉంది కదా, వాలుగా పెట్టి తిప్పుతాను అంటారు. దాదాపు 25 డిగ్రీల వాలుదాకా తిరుగుతుంది, నిజమే, కానీ ఆ గుండు కొస గుంట గోడల్ని చాలా తక్కువ చోట తాకుతుంది. స్క్రూని దించడానికి, పైకి తీయడానికి దాన్ని వాడుకోండి. చివరి బిగింపుకీ మొదటి వదులుకీ కీ చదును కొసే వాడాలి. నేను ఆ మూల స్క్రూని ప్రతిసారీ బాల్ ఎండ్‌తోనే వాలుగా బిగిస్తూ వచ్చాను, అదీ అసలు సంగతి. అంగుళాల కీ సెట్‌ని కూడా దూరంగా పెట్టండి, 3/32 కీ 2.38 మి.మీ. ఉంటుంది, 2.5 గుంటలో పడుతుంది, కొద్దిగా ఊగుతుంది, మూలలు కొరికేస్తుంది.

ఒక చిన్న కిటుకు. పైన చెప్పిన కీ సైజులు మళ్ళీ చూడండి: ఎం3 క్యాప్‌కీ ఎం4 బటన్‌కీ ఒకటే కీ, 2.5. ఎం4 క్యాప్, ఎం5 బటన్ రెండిటికీ 3. ఎం5 క్యాప్, ఎం6 బటన్ రెండిటికీ 4. దీన్ని వాడుకుని డిజైన్ చేస్తే, తరచూ విప్పే చోట్లన్నిటికీ ఒకే కీ సరిపోయేలా చేయొచ్చు. నా మెషీన్‌లో ఇప్పుడు మూతలన్నీ ఎం4 బటన్, మోటార్లన్నీ ఎం3 క్యాప్, పక్కన 2.5 కీ ఒక్కటే వేలాడుతూ ఉంటుంది.

ఆ అరిగిన స్క్రూ సంగతి. మామూలుగా అయితే కొంచెం పెద్ద టోర్క్స్ బిట్‌ని సుత్తితో గుంటలోకి దిగ్గొట్టి తిప్పితే వచ్చేస్తుంది. కింద మోటార్ బేరింగులున్నాయి కాబట్టి సుత్తి పెట్టడానికి మనసొప్పలేదు. థ్రెడ్‌లాకర్ ఉంటే సోల్డరింగ్ ఐరన్ తలకి ఆనించి వేడి చేస్తే మెత్తబడుతుంది, నేనది వేయలేదు కాబట్టి ఆ దారీ లేదు. కటింగ్ డిస్క్‌తో తల మీద గాడి కోసి చదును స్క్రూడ్రైవర్ పెట్టి చూశాను, 1.65 మి.మీ. తలలో గాడికి లోతెక్కడిది, అంచు విరిగింది. చివరికి మోటార్ చుట్టూ టేప్ వేసి, ఇనుప రజను అయస్కాంతం దాకా పోకుండా మూసి, 3.2 డ్రిల్ బిట్‌తో ఆ గుంటలోనే నెమ్మదిగా తవ్వాను. తల ఊడి బిట్‌కి ఉంగరంలా చుట్టుకుంది. మిగతా మూడూ తీసి ప్లేటు ఎత్తితే మొండెం మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి కనబడింది. తల పోయాక లాగుడూ పోతుంది కదా, ప్లయర్ తీసుకున్నాను గానీ దాని అవసరమే రాలేదు, రెండు వేళ్ళతో తిప్పితే వచ్చేసింది. ఆ చోట ఇప్పుడు క్యాప్ స్క్రూ ఉంది. ఫ్రేమ్‌కి తగులుతుందేమో అని ముందు భయపడ్డాను, కానీ 5.7 తల పట్టిన చోట 5.5 తల పట్టకుండా ఎక్కడికి పోతుంది. పైగా నిటారు తల పైకి లేచి ఉండడంతో కీ చదును కొస ఫ్రేమ్ అంచు పైనుంచి నేరుగా దిగుతోంది.